గోదావరి జిల్లాల స్టేజీ మీద బేస్ గిటార్: ఏ పెడల్ ముందు కొనాలి, ఎలా వాడాలి

పెడల్స్ (కాలితో నొక్కి గిటార్ సౌండ్ మార్చే చిన్న పెట్టెలు) వీడియోలు చూసి కొనాల్సిన లిస్టు రాసుకునే ముందు, ఆ వీడియోలో వాయించే మనిషి వెనక ఏముందో ఒకసారి చూడండి. సొంత బేస్ యాంప్ ఉంటుంది, గదిలో కరెంటు నిలకడగా ఉంటుంది, పక్కన ఢోలక్, రిథమ్ ప్యాడ్ మోగుతూ ఉండవు. మన దగ్గర భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాలైనా, అమలాపురం పక్క ఊళ్ళో పెళ్ళి రిసెప్షన్ అయినా, తణుకులో క్రిస్మస్ ప్రోగ్రాం అయినా చాలాసార్లు బేస్ వాయించేవాడికి యాంప్ అంటూ ఉండదు. సౌండ్ వాళ్ళు ఒక వైరు పడేస్తారు, దాని పిన్ను గిటార్‌కి గుచ్చుకుని నిలబడాలి, కరెంటు జనరేటర్‌ది, స్పీకర్లు డీజే కోసం కట్టిన బేస్ బాక్సులు. అందుకే మనం కొనే వరస కూడా వేరుగా ఉండాలి. నా లెక్కలో మొదటిది డీఐ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే పెట్టె), రెండోది ట్యూనర్, మూడోది నమ్మకమైన పవర్ సప్లై. ఫజ్, కోరస్, ఆక్టేవ్ లాంటి సరదాలన్నీ ఆ తర్వాతే.

డీఐ ఎందుకో చెబుతాను. లోపల బ్యాటరీ లేని పాసివ్ బేస్ అయితే, దాని పికప్ నుంచి వచ్చే సిగ్నల్‌కి 1 మెగాఓమ్ దరిదాపుల్లో ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) కావాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా 10, 20 కిలోఓమ్‌లు ఉంటుంది. నేరుగా అందులో గుచ్చితే సౌండ్ వస్తుంది గానీ తీగ మీద వేలు తగిలే స్పష్టత పోయి మొద్దుగా వినిపిస్తుంది. ఆ తర్వాత మిక్సర్‌లో ట్రెబుల్ ఎంత తిప్పినా లాభం లేదు, ధవళేశ్వరంలో వదలని నీళ్ళు శివారు పొలానికి రావు కదా. పైగా స్టేజీ నుంచి మిక్సర్ దాకా మామూలు గిటార్ వైరు లాగితే దారిలో ఉన్న ఎల్‌ఈడీ లైట్ల గోలంతా అది పట్టుకొస్తుంది. డీఐ బాక్సు గిటార్ పక్కనే ఉండి, సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్ (దారిలో గోల అంటని రకం) చేసి, మైకు వైరు లాంటి ఎక్స్‌ఎల్‌ఆర్ వైరులో పంపిస్తుంది, అది చాలా దూరం పోతుంది.

పాసివ్ బేస్‌కి యాక్టివ్ డీఐ కొనండి, యాక్టివ్ బేస్ ఉన్నవాళ్ళకి మామూలు పాసివ్ డీఐ చాలు. యాక్టివ్ డీఐ చాలావరకు మిక్సర్ ఆ ఎక్స్‌ఎల్‌ఆర్ వైరులోనే పంపే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్ మీద నడుస్తుంది. అది ఆన్ చేయించే ముందు మీ చానల్ మ్యూట్‌లో పెట్టమనండి, లేకపోతే బేస్ బాక్సుల్లో ధబ్బుమని ఒక్క దెబ్బ పడి ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. సౌండ్ ఆపరేటర్ "ఆయ్, అవన్నీ ఎందుకండీ, డైరెక్ట్‌గా ఇచ్చేయండి" అంటాడు. గొడవ పడకండి, "ఒక్కసారి రెండూ విని చెప్పండి అన్నా" అనండి. విన్నాక తనే మార్చుకుంటాడు.

కొంచెం ఎక్కువ డబ్బులు పెట్టగలిగితే డీఐ, ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచి టోన్ దిద్దే భాగం) కలిసి ఉన్న పెడల్ తీసుకోండి. టెక్ 21 వాళ్ళ సాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ డీఐ ఈ రకంలో అందరికీ తెలిసినది, అదే పద్ధతిలో తక్కువ ధరకి బెరింగర్ బీడీఐ21 ఉంది, బాడీ ప్లాస్టిక్ కాబట్టి కాలితో గట్టిగా తొక్కకూడదు, అంతే. వీటిలో బ్లెండ్ నాబ్ (మామూలు సౌండ్‌లో పెడల్ సౌండ్ ఎంత కలవాలో చెప్పేది) పూర్తిగా తిప్పేస్తే మధ్య ఫ్రీక్వెన్సీలు పల్చబడతాయి. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో అది చాలా గొప్పగా ఉంటుంది, స్టేజీ మీద కీబోర్డు మొదలవగానే మీరు వాయిస్తున్నారో లేదో ఎవరికీ తెలియదు. సగం దగ్గర ఆపండి.

ఇప్పుడు గుయ్యిమనే శబ్దం సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ ఈ (E) తీగ మూడో ఫ్రెట్ మీద జి (G) నోటు 49 హెర్ట్జ్. అంటే ఆ హమ్మింగ్ సరిగ్గా మీరు వాయించే చోటే కూర్చుంటుంది, లీడ్ గిటార్ వాళ్ళలాగా కింద ఫ్రీక్వెన్సీలు కోసేసి వదిలించుకోవడం మనకి కుదరదు, కోస్తే నోటు కూడా పోతుంది. అందుకని శబ్దం పుట్టే చోటే ఆపాలి. ముందు డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (ఆడియో వైరులో గ్రౌండ్ కలపకుండా విడదీసేది) నొక్కి చూడండి, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఫాంటమ్ మీద నడిచే కొన్ని డీఐలు లిఫ్ట్ నొక్కితే పని చేయవు, వాటిలో 9 వోల్టుల బ్యాటరీ వేసి ఉంచండి. ఇంకా తగ్గకపోతే మీ పెడల్స్‌కి, మిక్సర్‌కి ఒకే లైన్ నుంచి కరెంటు ఇమ్మని అడగండి, లైటింగ్ బోర్డు నుంచి మాత్రం తీసుకోవద్దు.

హమ్ పోవడానికి త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు చాలా చోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి, ఎవరైనా చేస్తుంటే ఆపండి. తడి పొలంలో వేసిన పందిరి, చేతిలో స్టీలు తీగలు, మూతి దగ్గర మైకు, ఎర్త్ లేకపోతే షాక్ నేరుగా పెదవి నుంచి చేతికి పోతుంది. జేబులో లైన్ టెస్టర్ ఒకటి పెట్టుకోండి. కోరస్ పాడాల్సి వస్తే ముందు మైకు జాలీకి, మీ గిటార్ బ్రిడ్జికి (తీగలు బిగించే లోహపు ముక్క) టెస్టర్ పెట్టి చూడండి. వెలిగితే గిటార్ కింద పెట్టేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ప్రోగ్రాం పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

ట్యూనర్ పెడల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గిటార్ తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ స్టేజీ మీద బేస్ బాక్సుల అదురుకి తికమక పడుతుంది, పెడల్ అయితే సిగ్నల్ మాత్రమే చూస్తుంది, నొక్కగానే సౌండ్ మ్యూట్ అవుతుంది కాబట్టి యాంకర్ మాట్లాడేటప్పుడు కూడా పనికొస్తుంది. ఈ (E) తీగ 41 హెర్ట్జ్, దాన్ని పట్టుకోవడానికి చిన్న ట్యూనర్లు తడబడతాయి, పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తేలిగ్గా తాకి మీటే స్వరం) వాయిస్తే వెంటనే చూపిస్తాయి. మాఘమాసంలో అంతర్వేది వైపు రాత్రి పూట బయట వాయిస్తే మంచుకి ట్యూనింగ్ కదులుతుంది, రెండు పాటలకి ఒకసారి చూసుకోండి.

పవర్ సప్లై దగ్గరే ఎక్కువ పెడల్స్ చచ్చిపోతాయి. దాదాపు అన్ని పెడల్స్‌కి 9 వోల్టుల డీసీ, సెంటర్ నెగటివ్ కావాలి, అంటే పిన్ను లోపలి భాగం మైనస్. ఇంట్లో వైఫై రూటర్ అడాప్టర్ పిన్ను కూడా అదే సైజులో ఉండి చక్కగా దూరుతుంది, కానీ అది సాధారణంగా సెంటర్ పాజిటివ్, కొన్ని 12 వోల్టులవి. దూరింది కదా అని స్విచ్ వేయకండి, అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, దాన్నీ పెడల్ మీద బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూడండి. వోల్టులు సరిగ్గా సమానంగా ఉండాలి. మిల్లీయాంపులు మాత్రం సప్లైవి ఎక్కువున్నా నష్టం లేదు, పెడల్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. మామూలు అనలాగ్ ఓవర్‌డ్రైవ్‌కి (సౌండ్‌ని కొంచెం కరకరలాడించే పెడల్) చాలా కొంచెం సరిపోతుంది, డిజిటల్ పెడల్స్‌కి వందల్లో కావాలి. ఒకే అడాప్టర్‌కి గొలుసు వైరు వేసి అన్నిటికీ ఇస్తే డిజిటల్ పెడల్ గీపెట్టే సన్నని శబ్దం ఓవర్‌డ్రైవ్‌లోకి వచ్చేస్తుంది, మూడు పెడల్స్ దాటాక ఐసొలేటెడ్ సప్లై (ఒక్కో పెడల్‌కి కరెంటు విడివిడిగా ఇచ్చేది) కొనుక్కోవడమే మంచిది.

జనరేటర్ మార్చినప్పుడల్లా కరెంటు పోయి వస్తుంది కాబట్టి కొందరు పవర్ బ్యాంకుకి 9 వోల్టుల కన్వర్టర్ కేబుల్ తగిలించి వాడుతున్నారు. మంచి ఉపాయమే, హమ్ కూడా తగ్గుతుంది. రెండు జాగ్రత్తలు. ఆ కేబుళ్ళు చాలావరకు రూటర్ల కోసం చేసినవి, అంటే మళ్ళీ సెంటర్ పాజిటివ్ గొడవ, పోలారిటీ మార్చే చిన్న ముక్క విడిగా కొనాలి. ఇంకోటి, ఒక్క ట్యూనర్ మాత్రమే తగిలిస్తే అది తీసుకునే కరెంటు మరీ తక్కువై, ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని పవర్ బ్యాంకు దానంతట అదే ఆగిపోతుంది.

ఇవి ఉన్నాక ఎఫెక్టులు. ముందు కంప్రెసర్, అంటే గట్టిగా వచ్చిన నోట్లని తగ్గించి అన్నిటినీ సమం చేసేది. రేషియో (ఎంత తగ్గించాలో) 4:1, ఎటాక్ (ఎంత వేగంగా పట్టుకోవాలో) 30 మిల్లీసెకన్ల దగ్గర, గట్టిగా వాయించినప్పుడు 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా పెట్టుకోండి. ఎటాక్ మరీ వేగంగా పెడితే వేలి దెబ్బ చచ్చిపోతుంది, ఢోలక్ ఉన్న పాటల్లో ఆ దెబ్బే మనల్ని వినిపించేది. ఎక్కువ నొక్కితే హమ్ కూడా పైకి లేస్తుంది.

ఈక్యూ పెడల్‌ని (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించేది) ఎవరూ సరదాగా కొనరు గానీ మన బాక్సుల మీద అదే బాగా పనికొస్తుంది. డీజే బాక్సులు ఇప్పటికే కింద పొంగుతూ ఉంటాయి, 60 హెర్ట్జ్ కింద మీరు ఏమీ పెంచక్కర్లేదు. 200, 250 దగ్గర కొద్దిగా తగ్గించి, 700, 800 దగ్గర కొద్దిగా పెంచండి. విడిగా వింటే ముక్కుతో పాడినట్టుంటుంది, పాటలో కలిస్తే ప్రతి నోటూ తెలుస్తుంది. ఇళయరాజా పాటలు వాయించేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, ఆ బేస్ లైన్లు రూట్ నోటు మీద కూర్చోవు, గాయకుడి పక్కనే ఇంకో పాట పాడుతూ పోతాయి, అవి వినిపించకపోతే వాయించినందుకు ఫలితం ఏముంది!

కొత్త మాస్ పాటల్లో సింథ్ బేస్ కావాలి. దానికి ఆక్టేవ్ పెడల్ (ఒక ఆక్టేవ్ కింది నోటు కలిపేది), దాని తర్వాత కొంచెం ఫజ్ (సౌండ్‌ని బాగా గరగరలాడించేది), ఆ తర్వాత ఎన్వలప్ ఫిల్టర్ (వేలి దెబ్బకి తగ్గట్టు టోన్ మారేది). బాస్ కంపెనీ ఓసీ-2 అనే ఆక్టేవ్ పెడల్ 1982లో తెచ్చింది, ఇప్పటికీ అందరూ దాని సౌండే వెతుకుతారు, ఇప్పుడు కొత్తది కొనాలంటే ఓసీ-5 ఉంది. వాడేటప్పుడు ఒక్కసారి ఒక్క నోటే వాయించాలి, టోన్ నాబ్ తగ్గించాలి, నెక్ పికప్ పెట్టుకోవాలి. ముఖ్యంగా గిటార్ మెడ మీద పై ఫ్రెట్లలో వాయించండి. ఓపెన్ ఈ (E) తీగకి కింది ఆక్టేవ్ అంటే 20 హెర్ట్జ్ చిల్లర, ఏ ఊరి బాక్సూ దాన్ని పలకదు, ఊరికే కోన్లు ఊగుతాయి. అదే ఏ (A) తీగ ఏడో ఫ్రెట్ మీద ఈ (E) నోటు వాయిస్తే కింద 41 వస్తుంది, నేల అదురుతుంది.

లీడ్ గిటార్ ఓవర్‌డ్రైవ్ అప్పు తెచ్చుకుని వాడొచ్చా అని అడుగుతారు. ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్స్ సుమారు 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గించేలా కట్టినవి, అంటే నొక్కగానే పాటలో అడుగు మాయమవుతుంది. మామూలు సౌండ్‌ని కలుపుకునే నాబ్ ఉన్నది చూడండి, బాస్ ఓడీబీ-3లో బ్యాలెన్స్ అని ఉంటుంది. కోరస్ పెడల్‌కీ (సౌండ్ కొంచెం ఊగుతూ రెండు గిటార్లలా వినిపించేలా చేసేది) ఇదే మాట, బాస్ సీఈబీ-3లో “లో ఫిల్టర్” అనే నాబ్ ఉంటుంది, కింది నోట్లు ఊగకుండా పై భాగానికే కోరస్ తగులుతుంది. రివర్బ్, డిలే బేస్‌కి ప్రస్తుతానికి వదిలేయండి, మన కల్యాణ మండపాల్లో, చర్చిల్లో ప్రతిధ్వని ఉచితంగా దొరుకుతుంది.

వరస ఇలా పెట్టుకోండి: ట్యూనర్, ఆక్టేవ్, కంప్రెసర్, ఫజ్ లేదా ఓవర్‌డ్రైవ్, ఫిల్టర్, ఈక్యూ, కోరస్, చివర డీఐ. కంప్రెసర్‌ని ఆక్టేవ్ ముందు పెట్టేవాళ్ళూ ఉన్నారు, మీ చెవికి ఏది బాగుంటే అది.

ఇన్ని విడిగా కొనలేం అనుకుంటే జూమ్ బీ1 ఫోర్ గానీ, బాస్ జీటీ-1బీ గానీ తీసుకోండి. రెండూ నాలుగు పెన్ను బ్యాటరీల మీద కూడా నడుస్తాయి, ట్యూనర్ లోపలే ఉంటుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ రెండిటిలోనూ లేదు, కాబట్టి డీఐ విడిగా ఉండాల్సిందే. కంపెనీ ప్రీసెట్లు హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయేలా పెట్టినవి, వాటిని నమ్మకండి. శుభ్రమైన సౌండ్ ఒకటి, సింథ్ బేస్ ఒకటి, కొంచెం కరకరలాడేది ఒకటి, మూడే చేసుకుని మూడూ ఒకే వాల్యూమ్‌లో ఉండేలా పెద్ద బాక్సుల మీద సరిచూసుకోండి.

మన గాలిలో తేమ ఎక్కువ, ఓడలరేవు, నరసాపురం వైపు ఉప్పు కూడా. జాక్‌లు నల్లబడి గరగరమంటాయి. నెలకోసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పిన్ను నాలుగుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి, బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, వాడని పెడల్‌లో బ్యాటరీ ఉంచకండి, కారిపోతుంది. వానల్లో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు బోర్డు మొత్తాన్ని మందపాటి ప్లాస్టిక్ కవర్లో చుట్టండి. బోర్డుకి ఖరీదైనది అక్కర్లేదు, వడ్రంగి చేత ప్లైవుడ్ పలక కోయించి, వైర్లు దూరడానికి మధ్యలో సందు పెట్టిస్తే చాలు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మీ గిటార్, మీ వైరు తీసుకెళ్ళండి. ప్రతి నాబ్‌నీ మొదటి నుంచి చివరిదాకా తిప్పి గరగర ఉందేమో వినండి, స్విచ్ పదిసార్లు నొక్కండి, జాక్ పట్టుకుని కదపండి, వెనక మూత తీసి బ్యాటరీ గదిలో పచ్చని మరక ఉందేమో చూడండి. జాక్, నాబ్ తేడా అయితే బేరమాడి తీసుకోవచ్చు, మీ ఊరి రేడియో మెకానిక్ కూడా మార్చేస్తాడు. లోపల బోర్డు మీద తుప్పు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు.