దమ్ము ట్రాక్టరుకు కామ్‌షాఫ్టు సవరణ: పాత డీజిల్ ఇంజన్లలో చేయదగిన పని

గోదావరి డెల్టాలో పాత ట్రాక్టరుకు అసలు పరీక్ష దమ్ములోనే, అంటే నాట్లకు ముందు నీళ్లు పెట్టిన చేనును బురదగా కలియదున్నేటప్పుడే ఎదురవుతుంది. కేజ్ వీళ్లు (దమ్ముకు వేసే ఇనుప చట్రపు చక్రాలు) బురదలో కూరుకుని ఇంజను వేగం పడిపోతున్నప్పుడు కూడా ఆగిపోకుండా లాగే బలమే రైతుకు కావాలి గనుక, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే పందెం కార్ల తరహా కామ్ (తిరుగుతూ తన బొడిపెలతో వాల్వులను తెరిపించే షాఫ్టు) ఇక్కడ పనికిరాదు. డీజిల్ ఇంజను గరిష్ఠ వేగాన్ని గవర్నరు (వేగం హద్దు దాటకుండా డీజిల్ తగ్గించే అమరిక) ఎలాగూ కట్టడి చేస్తుంది. పైగా ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే, తక్కువ వేగంలో పైకి లేచే పిస్టను కొంత గాలిని తిరిగి మ్యానిఫోల్డులోకే నెట్టేస్తుంది; కంప్రెషన్ తగ్గి, దాళ్వా (రెండో పంట) దమ్ముల నాటి చలి ఉదయాల్లో బండి స్టార్టు కావడమే కష్టమవుతుంది.

ఎండాకాలంలో కాలువలు కట్టేశాక కామ్‌షాఫ్టు సవరణ పని పెట్టుకోవడం మంచిది, అయితే షెడ్డులో అందరి బండ్లూ అప్పుడే ఉంటాయి. ఇంజను విప్పకముందే, రాకర్లు (వాల్వులను నొక్కే మీటలు) తీసి, పుష్‌రాడ్ (బొడిపె కదలికను రాకరుకు చేర్చే కడ్డీ) పైకొనపై డయల్ గేజి (చిన్న కదలికలను కొలిచే ముల్లు సాధనం) ఆనించి, ఇంజెక్టర్లు వదులు చేసిన ఇంజనును చేత్తో తిప్పుతూ ప్రతి కామ్ బొడిపె ఎంత ఎత్తు లేపుతోందో రాసుకోవాలి. ఇన్‌లెట్లను ఇన్‌లెట్లతోనూ, ఎగ్జాస్టులను ఎగ్జాస్టులతోనూ పోల్చాలి. రాకర్ నిష్పత్తి (పుష్‌రాడ్ కదలికకు వాల్వు కదలిక ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.5 అయితే, బొడిపె 0.5 మి.మీ. అరిగినా వాల్వు 0.75 మి.మీ. తక్కువ తెరుచుకుంటుంది. నా అభిప్రాయంలో పాత ఇంజన్ల బలహీనతలో ఎక్కువ భాగం ఈ అరుగుదలే. దీన్ని చూడకుండా పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచేవారికి దక్కేది నల్లపొగ మాత్రమే.

అరిగిన షాఫ్టును గ్రైండింగ్‌కు ఇస్తే, బొడిపె వెనుక వైపును కూడా తగ్గించి లిఫ్టు (బొడిపె లేపే ఎత్తు) తిరిగి తెస్తారు. అప్పుడు ట్యాపెట్ (బొడిపెకూ పుష్‌రాడ్‌కూ మధ్య ఉండే ముక్క) కిందికి దిగుతుంది కాబట్టి, రాకర్ స్క్రూకు సర్దుబాటు చాలకపోతే పొడవైన పుష్‌రాడ్లు వేయాలి. గట్టిపరచిన పైపొర పలచగా ఉంటుంది. అది దాటి గ్రైండు చేస్తే మళ్లీ హార్డెనింగ్ చేయించక తప్పదు. పాత ట్యాపెట్లను మాత్రం ఎన్నడూ కొత్త ముఖపు కామ్‌పై వేయకూడదు.

టైమింగ్ (వాల్వులు తెరుచుకుని మూసుకునే సమయం) మార్పులో చాలా జాగ్రత్త కావాలి. కామ్ క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) వేగంలో సగమే తిరుగుతుంది కనుక, 48 పళ్ల కామ్ గేరును ఒక్క పన్ను జరిపితే కామ్ 7.5 డిగ్రీలు, అంటే క్రాంకు లెక్కలో 15 డిగ్రీలు మారుతుంది. అది ఇంజనుకు ప్రమాదం. ఆఫ్‌సెట్ కీతో (గేరును షాఫ్టుపై కాస్త జరిపి పట్టే మెట్టు కీతో) క్రాంకు లెక్కలో 2 నుంచి 4 డిగ్రీలు మాత్రమే ముందుకు జరిపితే, ఇన్‌లెట్ వాల్వు కొంచెం త్వరగా మూసుకుని తక్కువ వేగంలో లాగే బలం పెరుగుతుంది. ఇంజెక్షన్ పంపు గేరు గుర్తులు మాత్రం కదలకూడదు.

ముందుకు జరిపిన ఇన్‌లెట్ వాల్వు పిస్టనుకు దగ్గరవుతుంది. డీజిల్ ఇంజనులో ఆ సందు అసలే చిన్నది. అందుచేత పిస్టను మీద మెత్తని మైనపు ముద్ద పెట్టి, హెడ్డు, గ్యాస్కెట్ బిగించి, ట్యాపెట్ సందు (రాకరుకూ వాల్వుకూ మధ్య ఖాళీ) సరిచేసి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి గుర్తు పడిన చోట ముద్ద మందం కొలవాలి. ఎక్కడైనా గట్టిగా తగిలినట్లనిపిస్తే బలవంతంగా తిప్పకూడదు.

బిగించేటప్పుడు బొడిపెలకూ ట్యాపెట్ ముఖాలకూ మాలిబ్డినం పేస్టు రాయాలి. స్టార్టు కాగానే ఐడిల్‌లో వదిలేయక, దాదాపు 1500 ఆర్‌పీఎం దగ్గర వేగాన్ని కాస్త హెచ్చుతగ్గులు చేస్తూ 20 నిమిషాలు నడపాలి, ఎందుకంటే ఐడిల్‌లో కొత్త ముఖాలకు చిమ్మే ఆయిలు చాలదు. ఆ తర్వాత ఆయిలూ ఫిల్టరూ మార్చి, చల్లబడ్డాక ట్యాపెట్ సందును మాన్యువల్ చెప్పిన కొలతకు మరోసారి సరిచేసి, అప్పుడే బండిని చేలోకి దించాలి.