చప్పుడు తగ్గించిన కొత్త ఎయిర్ రైఫిల్‌ని షూటింగ్ రేంజ్‌లో చూసుకోవడం ఎలా

కొత్తగా ఎయిర్ రైఫిల్ కొన్న కుర్రాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒక్కటే: "సైలెన్సర్ పెట్టించుకోవచ్చా అన్నా?" ఆ సంగతి మొదటే తేల్చేద్దాం. మందుగుండుతో పేలే తుపాకులకు తగిలించే సైలెన్సర్లు మన ఆయుధ నిబంధనల ప్రకారం నిషిద్ధ వర్గంలో ఉన్నాయి. విదేశీ వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో గొట్టాలు తెప్పించుకోకండి. నేను చెప్పేది బ్యారెల్ చుట్టూ కంపెనీయే తొడుగు బిగించి ఇచ్చే 0.177 అంగుళాల బోరు పీసీపీ రైఫిల్ గురించి, అంటే సిలిండర్‌లో ముందే నొక్కి నింపిన గాలితో కాల్చేది. 20 జౌల్స్ దాటని ఈ బోరుకు లైసెన్సు అక్కర్లేదు. అయినా బిల్లు, ఆధార్ కాపీ రైఫిల్ సంచిలోనే ఉంచండి. గాజువాక నుంచి ఊరు దాటి వెళ్లే దారిలో పోలీసులు ఆపి అడిగితే చూపించడానికి ఉంటాయి.

ఆ తొడుగు చేసే పని తెలిస్తే పరీక్ష సులువు. పెల్లెట్ (చిన్న సీసం గుండు) వెనక వచ్చే గాలి ఒక్కసారిగా బయటకు తన్నకుండా, తొడుగులోని చిన్న గదుల్లో విచ్చుకుని నెమ్మదిస్తుంది. 1909లో హైరమ్ పెర్సీ మాక్సిమ్ పేటెంట్ తీసుకున్న సైలెన్సర్ సూత్రమూ ఇలాంటిదే. ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. దాన్ని దాటిన తూటా దారి పొడవునా చిటపటమంటుంది, ఆ శబ్దాన్ని ఏ సైలెన్సరూ ఆపలేదు. మన పెల్లెట్ ఆ వేగానికి లోపే వెళ్తుంది కాబట్టి ఆ గొడవ లేదు.

విశాఖలో ఉన్నవాళ్లకు అసలు తలనొప్పి గాలి నింపడంతోనే. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా పనిచేసేవాణ్ని, ఉప్పుగాలి ఇనుముని ఏం చేస్తుందో రోజూ చూస్తాను. తేమ గాలిని హ్యాండ్ పంపుతో 200 బార్ వరకు, అంటే మామూలు గాలి పీడనానికి సుమారు 200 రెట్లు నొక్కితే అందులోని నీరు బయటపడుతుంది. అది సిలిండర్‌లోకి చేరిందంటే లోపల తుప్పు మొదలైనట్టే. అందుకే సముద్రం వైపు బాల్కనీలో నిలబడి కొట్టకండి, ఏసీ వేసిన గదిలో కొట్టండి. యాభై అరవై దెబ్బలయ్యాక ఆగి, పంపులో మిగిలిన గాలి, నీరు వదిలే బ్లీడ్ స్క్రూ విప్పి, పంపు చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి. స్క్రూ విప్పినప్పుడు అక్కడ గుడ్డ పట్టి చూడండి, ఆగస్టులో అయితే తడి కంటికి కనిపిస్తుంది. ఫిల్టర్‌లో నీలం రంగు సిలికా గింజలు ఉంటే గులాబీ రంగుకు తిరగగానే మార్చేయాలి. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ దొరుకుతుంది కదా అని దాన్ని మాత్రం ఎప్పుడూ నింపకండి. లోపల నూనె మరక తగిలితే పేలిపోతుంది.

రేంజ్‌కి వెళ్లగానే కోచ్ గారికి, పక్క లేన్‌లో వాళ్లకు మీ రైఫిల్ చప్పుడు చేయదని చెప్పండి. మామూలు రైఫిల్ పేలితే పక్కవాళ్లకు తెలుస్తుంది, దీన్ని కాలిస్తే తెలియదు. కాబట్టి కాల్పులు ఆపమన్నప్పుడు బోల్ట్ తెరిచి, లోపల పెల్లెట్ లేదని చూపే సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి, చేతులు తీసేయాలి. కళ్లద్దాలు తప్పనిసరి. ట్రిగ్గర్ నొక్కాక చెవి టార్గెట్ వైపు పెట్టండి. "టక్" అని తగిలిన శబ్దం రాకపోతే రెండో పెల్లెట్ ఎక్కించకండి. మొదటిది బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. అప్పుడు రైఫిల్ మొనను టార్గెట్ వైపే ఉంచి కోచ్ గారిని పిలవండి.

మొదటి రోజు పది కొట్టాలన్న ఆరాటం వద్దు. 10 మీటర్ల టార్గెట్‌లో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క, అది ఎక్కడికీ పోదు. రైఫిల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, స్కోప్ కదపకుండా, ఒకే చోట గురిపెట్టి ఐదు కాల్చండి. గుంపు ఎక్కడ పడిందన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు రంధ్రాలు చూడండి. చదును మూతి పెల్లెట్ కాగితాన్ని పంచింగ్ మెషిన్ కోసినట్టు గుండ్రంగా కోయాలి. అంచు చిరిగి, ఒక పక్కకు సాగి ఉంటే పెల్లెట్ తొడుగులో ఎక్కడో రాసుకుని అడ్డంగా తిరుగుతోందని అనుమానించాలి. ఇంటికొచ్చి, సిలిండర్‌లో గాలంతా వదిలి, బోల్ట్ తీసేశాకే ముందు మూత విప్పి టార్చ్ వేసి చూడండి. ఒకే వైపు సీసం గీత మెరుస్తుంటే తొడుగు బిగించే మర వంకర పోయినట్టే. రంధ్రం పెద్దది చేద్దామని ఆకురాయి పట్టుకోకుండా, కొన్న షాపులోనే మార్పించుకోండి. నా దగ్గరకు అలా ఆకురాయి పట్టి పాడుచేసినవి వస్తుంటాయి, వాటికి మందు లేదు.

రంధ్రాలు శుభ్రంగా ఉంటే ఇక స్కోప్. పావు ఎమ్ఓఏ (ఎమ్ఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్కుల స్కోప్‌తో 10 మీటర్ల దగ్గర ఒక్క క్లిక్కుకు గురి 0.7 మిల్లీమీటర్లే జరుగుతుంది. గుంపు 3 సెంటీమీటర్లు కిందికి పడితే నలభై క్లిక్కులకు పైగా తిప్పాలి, కాబట్టి కంగారు పడి స్కోప్ చెడిందనుకోకండి. ప్రతి గుంపు పక్కన గేజ్‌లో ఎంత బార్ ఉందో పెన్నుతో రాయండి. ఏ అంకె దగ్గర పెల్లెట్లు గురి కంటే కిందికి జారడం మొదలవుతుందో అదే మీ రైఫిల్‌కి మళ్లీ గాలి నింపాల్సిన అంకె. కంపెనీ పుస్తకంలో రాసిన దానికంటే మీ కాగితాన్నే నమ్మండి.

లేచేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, పెల్లెట్లు సీసం. బజ్జీల బండి దగ్గర ఆగే అలవాటున్నవాళ్లు మరీనూ. ఇంటికొచ్చాక సిలికాన్ నూనె గుడ్డతో పైన తుడిచి, సిలిండర్‌లో కొంచెం గాలి ఉంచి, బీరువాలో నిలబెట్టి తాళం వేయండి. స్పాంజి పెట్టెలో మాత్రం మూసిపెట్టకండి, ఆ స్పాంజి తేమ పట్టి వారం తిరక్కుండానే బ్యారెల్ మీద ఎర్రచుక్కలు వేస్తుంది.