ట్రఫుల్ పుట్టగొడుగులను వాసనతో పసిగట్టేలా కుక్కకు శిక్షణ ఇవ్వడం ఎలా?

మన పుట్టగొడుగులు వానలకు పుట్టల మీద తెల్లగా మొలిచి కంటికి కనిపిస్తాయి. ఇటలీలోని పీడ్‌మాంట్ అడవులలో ఓక్, హేజెల్, పాప్లర్ చెట్ల వేళ్లను అంటిపెట్టుకొని పెరిగే ట్రఫుల్ మాత్రం మట్టిలోనే పుట్టి మట్టిలోనే పండుతుంది కనుక, దాని జాడ తెలియాలంటే ముక్కు ఒక్కటే ఆధారం. పూర్వం ఈ పనికి పందులను వాడేవారు. అవి దొరికినదాన్ని తినేయడమే కాక, నేలను కుళ్లగించి వేళ్ల చుట్టూ అల్లుకున్న శిలీంధ్రపు దారాలను తెంపేసేవి. అందువల్ల 1985లో ఇటలీ వాటి వాడకాన్ని నిషేధించింది. ఒకప్పుడు చిత్తడి నేలల్లో వేటాడిన నీటిపక్షులను తెచ్చిపెట్టిన లగొత్తో రొమాన్యోలో జాతి కుక్కలు ఇప్పుడు ఈ పనికి పేరుపొందాయి. అయితే ఆటంటే ప్రాణం పెట్టే కుక్క ఏ జాతిదైనా నేర్చుకోగలదు.

మొదట కుక్కకు వాసనను పరిచయం చేయాలి. బాగా పండిన ట్రఫుల్ ముక్కను చిల్లులున్న చిన్న డబ్బాలో పెట్టి, కుక్క దాన్ని మూచూసిన క్షణంలోనే "శభాష్" అని తినుబండారం అందించాలి. బజారులో దొరికే ట్రఫుల్ నూనెను వాడవద్దని నా గట్టి సలహా. వాటిలో చాలావరకు ఒకే ఒక కృత్రిమ రసాయనంతో తయారవుతాయి, అసలు ట్రఫుల్ వాసన అనేక పదార్థాల కలయిక. డబ్బాను చేతితొడుగులతోనే పట్టుకోవాలి, లేకపోతే కుక్క మీ చేతి వాసననే వెతుకుతుంది.

తరువాత మూడు డబ్బాలలో ఒకదానిలోనే ముక్కను ఉంచి వెతికించాలి. అది తడబడకుండా కనిపెడుతున్నప్పుడు ఆరుబయట గడ్డిలో దాచి, ఆపై ఐదు, పది, పదిహేను సెంటీమీటర్ల లోతున పాతాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. అప్పుడే తవ్విన మట్టికి తనదైన వాసన ఉంటుంది, తెలివైన కుక్క దాన్నే గుర్తు పెట్టుకుంటుంది. అందుకని చుట్టుపక్కల నాలుగైదు ఖాళీ గుంతలు కూడా తవ్వి పూడ్చి, కొన్ని గంటలు ఆగిన తరువాతే వెతికించాలి. ఒక్కో అభ్యాసం పది నిమిషాలకు మించకూడదు.

అడవిలోకి వెళ్లినప్పుడు గాలికి ఎదురుగా నడిపించి కుక్కనే గమనిస్తూ ఉండాలి. వాసన తగలగానే, పోతున్నది పోతున్నట్టే ఆగి తల వెనక్కి తిప్పుతుంది, తోక వేగం మారుతుంది, ముక్కు నేలకు ఆనించి గబగబా చిన్న ఊపిరులు తీస్తుంది. ఒకటి రెండుసార్లు కాలితో గీరగానే "ఆగు" అని చెప్పి, ఆ గుంత దగ్గరే, మీ చేతి నుంచే బహుమతి ఇవ్వాలి. కొన్ని అడవులలో దుర్మార్గులు విషం కలిపిన ఎరలు వేస్తారు కాబట్టి, నేల మీద పడివున్నది తినకూడదని కుక్కకు ముందుగానే నేర్పి తీరాలి.

తవ్వడం మనిషి పని. సన్నని ఇనుప పలక ఉన్న చిన్న తవ్వుకోలతో మట్టిని కొద్దికొద్దిగా తొలగిస్తూ, చిటికెడు మట్టిని ముక్కు దగ్గర పెట్టుకొని చూడాలి. వాసన ఘాటెక్కుతున్న వైపుకే సాగాలి. ట్రఫుల్‌ను తీసిన తరువాత అదే మట్టితో గుంతను పూడ్చడం తప్పనిసరి, తెరచి వదిలేస్తే వేళ్లు, వాటిని అంటిన శిలీంధ్రం ఎండిపోతాయి.

ఎంత తిరిగినా ఏమీ దొరకని రోజున, సంచిలో తెచ్చుకున్న ముక్కను కుక్క చూడకుండా పాతి, కొంతసేపు ఆగి, దాని చేతే కనిపెట్టించి, బహుమతి ఇచ్చిన తరువాతే ఇంటికి తీసుకువెళ్లాలి.