లైటు వేసినా ప్లనేరియా పారిపోవట్లేదా? ముందు ఇవి చూడండి

అనంతపురంలో జువాలజీ పిల్లలు చెరువు మరువ కింద రాళ్లు తిరగేసి ప్లనేరియాలను, అంటే వెలుగు పడితే తప్పుకుపోయే చిన్న చదును పురుగులను, పట్టుకొస్తారు, టార్చి వేస్తారు, అవి కదలకపోతే "సార్, ఇవి పని చేయట్లేదు" అని నాకు ఫోన్. పురుగును అనుమానించే ముందు మీ లైటును చూడండి.

సమస్య: లైటు వేసినా పట్టించుకోవట్లేదు

ఎక్కువసార్లు కారణం రంగే. ఎర్ర లైటుకు ఇవి దాదాపు స్పందించవు, ఆకుపచ్చకు కొంత, నీలానికి గట్టిగా, అల్ట్రావయొలెట్‌కు ఇంకా గట్టిగా తప్పుకుంటాయి. కాబట్టి ఎర్ర బల్బును చీకట్లో చూసుకోవడానికి ఉంచుకుని, పరీక్షకు తెల్ల ఎల్ఈడీనో నీలి ఎల్ఈడీనో వాడండి. పాత ఫిలమెంటు బల్బు వద్దు, పారిపోయింది వెలుగుకా వేడికా అన్నది తేలదు.

రెండో తప్పు, లైటును నెత్తి మీద పెట్టడం. దాని కంట్లో లెన్సు ఉండదు. నల్లటి రంగుకణాలతో చేసిన చిన్న గిన్నె, ఆ గిన్నెలో వెలుగును పట్టే నాడీకణాలు, అంతే. గిన్నె మూతి పక్కకు తెరుచుకుని ఉంటుంది, అందుకే ఎడమ నుంచి వెలుగు వస్తే ఎడమ కంట్లో ఎక్కువ పడుతుంది, మెదడు రెండు కళ్లనూ పోల్చుకుని తలను అవతలికి తిప్పుతుంది. పైనుంచి వేస్తే రెండు కళ్లకూ ఒకటే, ఇక ఎటు పోవాలి పాపం? లైటు ఒక పక్క నుంచే రావాలి, రెండో పక్క నల్ల కాగితం చుట్టండి.

సమస్య: ముడుచుకుపోయి పడి ఉన్నాయి

ఎండాకాలం మన ఊళ్లో 40 డిగ్రీలు దాటుతుంది, వీటికి 20 డిగ్రీల దగ్గర హాయి. పురుగులున్న గిన్నెను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టండి. క్లోరిన్ ఉన్న కొళాయి నీళ్లు పోయకండి, పట్టిన చోటి నీళ్లనే వడగట్టి వాడండి. కార్జం ముక్క పెట్టాక మిగిలింది తీసేసి నీళ్లు మార్చాలి, తిన్న రోజే పరీక్ష చేయొద్దు.

సమస్య: ఒంటి రంగు వెలిసిపోతోంది

రోజుల తరబడి లైటు కింద ఉంచారు. చీకట్లో పెట్టండి.

సమస్య: తల కోసినా తోక ముక్క వెలుగుకు కదులుతోంది

కంగారు పడకండి, మీ ప్రయోగం బాగానే ఉంది. మన పక్కనే బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2017లో, మళ్లీ 2021లో చూపించింది ఇదే, తల లేకపోయినా శరీరం అల్ట్రావయొలెట్‌ను పసిగడుతుంది, ఒంటి అంచుల వెంట కంటి కణాల్లాంటివి వరుసగా ఉన్నాయి. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు! కానీ అల్ట్రావయొలెట్ టార్చి పిల్లల చేతికి ఇవ్వొద్దు, కళ్లకు ప్రమాదం.

కోసిన తోక ముక్కకు తల మళ్లీ మొలుస్తుంది, దానికి కొత్త కళ్లు చుక్కల్లా కనపడగానే పరీక్షకు తొందరపడతారు. కంటి నరాలు మెదడుకు చేరి కుదురుకోవాలి, అందుకే కోసిన రోజు నుంచి రెండు వారాలు ఆగి అప్పుడు లైటు వేయండి.