వానాకాలం ప్రయాణానికి ముందు: ఫోర్ లోలో ఇరుక్కోకుండా, ఇరుక్కుంటే బయటపడేలా

జూన్‌లో నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను తాకగానే బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సకలేశపుర, చిక్కమగళూరు పేర్లు వినిపించడం మొదలవుతుంది. ఏడాదంతా మారతహళ్లి ట్రాఫిక్‌లో రెండో గేరు దాటని ఫోర్ బై ఫోర్ బండి (ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పగల బండి) కాఫీ తోటల బురద బాటలోకి దిగుతుంది. ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలాన్నిచ్చే లో రేంజ్, పడటం వరకు బాగానే ఉంటుంది. తారు రోడ్డు ఎక్కాక చూస్తే లివర్ వెనక్కి రాదు. ఇంజిన్ గోలపెడుతుంది, బండి మాత్రం పాకుతుంది, ఇల్లు చూస్తే 220 కిలోమీటర్ల దూరం.

ఇలా ఇరుక్కున్న బండిలో చాలాసార్లు ఏదీ విరిగి ఉండదు. థార్, జిమ్నీ వంటి బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య వేగం తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ వేస్తే ఇంజిన్ బలాన్ని చక్రాలకు చేర్చే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం నడుస్తాయి. బురదలో ఏదో ఒక చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దేస్తుంది. తారు మీద జారదు. దాంతో షాఫ్టులు పిండిన తడిగుడ్డలా మెలిపడి, ట్రాన్స్‌ఫర్ కేసులోని (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక షాఫ్టులకు పంచే గేర్ల పెట్టె) పళ్లను బిగబట్టేస్తాయి. ఇక ఎంత లాగినా లివర్ కదలదు.

కాబట్టి తారు ఎక్కిన తర్వాత కాదు, ఇంకా మట్టి మీద ఉండగానే లో రేంజ్ తీసేయాలి. చివరి పది మీటర్లు స్టీరింగ్ నేరుగా పెట్టి నడిపి, బండి దాదాపు ఆగాక, క్లచ్ పూర్తిగా తొక్కి లివర్ మార్చాలి. ఆటోమేటిక్ అయితే గేరు న్యూట్రల్‌లో ఉండాలి. మీ బండికి కంపెనీవారు చెప్పిన పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. బయల్దేరే ముందు ఆ రెండు పేజీలు చదివి ఫోటో తీసి పెట్టుకోండి, కనుమల్లో సిగ్నల్ ఉండదు.

వానలు రాకముందే ఒక ఆదివారం ఉదయం సర్జాపుర దాటి ఎక్కడైనా మట్టి నేల చూసుకుని టూ హై (రెండు చక్రాలు, మామూలు వేగం), ఫోర్ హై (నాలుగు చక్రాలు, మామూలు వేగం), ఫోర్ లో అన్నీ వేసి తీసి చూడండి. తర్వాత నెలకోసారి ఇదే చేస్తే చాలు. ఏడాది పాటు కదలని లింకేజీలో (లివర్‌ను ట్రాన్స్‌ఫర్ కేసుకు కలిపే కడ్డీలు) తుప్పు, ఎండిన మట్టి చేరతాయి. లివర్‌కు బదులు నాబ్ తిప్పే బండ్లలో ఆ పని చేసే మోటారు కాంటాక్టులు పాచి పడతాయి. ఇంట్లో నిలబెట్టి పాలిష్ చేసినంత మాత్రాన ఇవి బాగుపడవు.

టైర్ల విషయంలో మనవాళ్ల పొదుపు నాకు నచ్చదు. వానలకు ముందు రెండే కొత్త టైర్లు వేయించి, అరిగిన రెండూ అలాగే ఉంచుతారు. చుట్టుకొలత తేడా వస్తే నేరుగా నడిపినా షాఫ్టుల్లో మెలి పెరుగుతుంది. నాలుగూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. గాలి కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం పట్టించాలి.

సర్వీసులో ఇంజిన్ ఆయిల్‌తో సరిపెట్టకుండా ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ కూడా చూడమని అడగండి. అది పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తే లోపలికి నీళ్లు వెళ్లాయన్నమాట. వాగు దాటి వచ్చాక మళ్లీ చూపించాలి. బ్యాటరీ, ఫ్యూజులు, బండి కింద కనెక్టర్లు సరేసరి.

ఇక్కడ ఒక మాట. లో రేంజ్ చక్రాలకు బలాన్నిస్తుంది, బండికి ఎత్తునివ్వదు. 2023 మేలో బెంగళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్ నీటిలో కారు చిక్కుకుని ఒక ప్రాణం పోయింది. నిండిన అండర్‌పాస్ ముందు ఏ ఫోర్ బై ఫోర్ అయినా వెనక్కి తిరగాల్సిందే.

జాగ్రత్తలన్నీ తీసుకున్నా లివర్ ఇరుక్కుంటే, నిజంగా ఇరుక్కుందో లేదో ముందు తేల్చుకోండి. ఫోర్ లో లైటు వెలుగుతున్నా బండి మామూలు వేగం అందుకుంటుంటే తప్పు సెన్సర్‌ది కావచ్చు. మొదటి గేరులో నడక వేగం దాటగానే ఇంజిన్ హోరెత్తితే గేర్లు నిజంగానే లోలో ఉన్నాయి. అప్పుడు వెనక ఎవరూ లేరని చూసుకుని, స్టీరింగ్ నేరుగా పెట్టి మూడు నాలుగు మీటర్లు రివర్స్ తీయండి. మెలి వచ్చిన దారినే విడిపోతుంది. బండి ఆగబోతుండగా క్లచ్ తొక్కి లివర్‌ను నిదానంగా లాగండి. రాకపోతే కొద్దిగా ముందుకు, మళ్లీ వెనక్కి. వీలైతే రెండు చక్రాలైనా రోడ్డు పక్క మట్టి మీదికి దించండి. రెండు చేతులతో గుంజడం, కాలితో తన్నడం వద్దు. లోపల గేర్లను జరిపే ఫోర్కు వంగితే ట్రాన్స్‌ఫర్ కేసు విప్పాల్సిందే.

నాబ్ ఉన్న బండిలో లైటు మిణుకుతుంటే మార్పు ఇంకా పూర్తి కాలేదని. పదే పదే తిప్పకండి. ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇగ్నిషన్ కట్టేసి, ఒక నిమిషం తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్. లివర్ సగంలో ఆగి అక్కడ నిలిచిపోతే, గేరులో పెట్టినా, పార్క్‌లో పెట్టినా బండి వాలులో దొర్లిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగకుండా, చక్రాలకు రాళ్లు పెట్టకుండా ఎవరూ బండి కిందికి వెళ్లకూడదు. సకలేశపుర దాటాక వచ్చే శిరాడి ఘాట్ మలుపులో రాత్రివేళ ఈ ప్రయోగాలేవీ చేయకండి. హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్ దూరంగా పెట్టి, అందరినీ రోడ్డు పక్కకు దించండి. జాతీయ రహదారి సహాయానికి 1033, ప్రమాదం అనిపిస్తే 112.

ఏదీ ఫలించకపోతే ఫోర్ లోలోనే 20 కిలోమీటర్ల వేగంతో దగ్గరి ఊరి వరకు, పదునైన మలుపులు తప్పించుకుంటూ వెళ్లవచ్చు. బెంగళూరు దాకా మాత్రం వద్దు. టోయింగ్ వాళ్లకు ఫోన్ చేసినప్పుడు నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ కావాలని గట్టిగా చెప్పండి. రెండు చక్రాలు ఎత్తి లాక్కెళ్లేవాళ్లు వస్తే తిప్పి పంపేయండి, ఆ లాగుడుకే ట్రాన్స్‌ఫర్ కేసు పోతుంది. షెడ్డుకు చేరాక మెకానిక్‌తో ముందు ఆయిల్ దించి చూడమనండి. అందులో ఇనుప రజను కనిపిస్తేనే కేసు విప్పే మాట, లేదంటే లింకేజీ, సెన్సర్ చూశాకే.