గ్లాసీ పేపర్ మీద బ్లాక్ అండ్ వైట్ ఫోటో చెడుతోందా?

ముందు నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాలన్నీ సరిగా పనిచేస్తున్నాయో చూపే టెస్ట్ పేజీ) తీయండి. కలర్ ప్రొఫైళ్ల (ప్రింటర్‌కీ పేపర్‌కీ తగ్గట్టు రంగులు సరిచేసే ఫైళ్ల) గురించి గంటలు గంటలు వాదించేవాళ్లు ఈ ఒక్క పేజీ మాత్రం తీయరు. గ్రే గీతలు తెగి ఉంటే మిగతావన్నీ చూసి లాభం లేదు.

నలుపు వేలికి అంటుతోంది, లేదా వెలిసినట్టుంది

ఎక్కువమంది చేత ఇంకు, పేపరు తగలేయించేది ఇదే. పిగ్మెంట్ (సన్నని రంగు పొడి కలిపిన ఇంకు) ఫోటో ప్రింటర్లలో నలుపులు రెండు: గ్లాసీకి ఫోటో బ్లాక్, మెరుపు లేని పేపర్‌కి మ్యాట్ బ్లాక్. ఏది వాడాలో ప్రింటర్ ట్రేలో పేపర్ చూసి తేల్చుకోదు, డ్రైవర్‌లో (కంప్యూటర్‌లోని ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో) ‘మీడియా టైప్’ చూసి తేల్చుకుంటుంది. అక్కడ ప్లెయిన్ అనో మ్యాట్ అనో ఉంటే మ్యాట్ బ్లాక్ పడుతుంది. గ్లాసీ పూత దాన్ని పట్టుకోదు. ఎంత ఆరబెట్టినా రుద్దితే వచ్చేస్తుంది. జనం ఇంకు నకిలీదని, పేపర్ నాసిదని రెండూ మార్చేస్తారు.

‘నేను గ్లాసీయే పెట్టానండీ’ అంటారు. పెట్టే ఉంటారు, నిన్న. విండోస్‌లో ప్రోగ్రామ్ లోపల నుంచి మార్చిన సెట్టింగ్ చాలాసార్లు ఆ ప్రోగ్రామ్ మూసేదాకానే ఉంటుంది. తర్వాత మళ్లీ ప్లెయినే. ‘ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్’లోకి వెళ్లి అక్కడ గ్లాసీ పెట్టి సేవ్ చేయండి. అయినా ప్రింట్ నొక్కే ముందు ఒకసారి చూడండి.

ఎప్సన్ పీ800లో రెండు నలుపులకూ దారి ఒకటే, మారినప్పుడల్లా ఇంకు వృథా. గ్లాసీ పనులన్నీ ఒకేసారి చేసుకోండి. పీ700, పీ900లో ఆ బాధ లేదు.

కానన్ జీ2010 లాంటి ఇంక్ ట్యాంక్‌లో నలుపు పిగ్మెంట్, రంగులు డై (ద్రవంలో కరిగిపోయే రంగు). ప్లెయిన్ అని ఉంటే ఆ నలుపే గ్లాసీ మీద పడి చెరుగుతుంది. ఫోటో పేపర్ పెడితే రంగులు కలిపి నలుపు తయారుచేస్తుంది. చెరగదు గానీ కాస్త రంగు ఛాయ తప్పదు.

ఒక వెలుగులో ఆకుపచ్చగా, మరోదాంట్లో గులాబీగా

రంగు ఇంకులతో గ్రే కలపడం వల్ల. ఎప్సన్ పిగ్మెంట్ ప్రింటర్లలో ‘అడ్వాన్స్‌డ్ బీ అండ్ డబ్ల్యూ’ మోడ్ వాడండి, ఎక్కువ భాగం నలుపు, గ్రే ఇంకులతోనే వేస్తుంది. స్టూడియోల్లో కనిపించే ఎప్సన్ ఎల్805లో గ్రే ఇంకే లేదు. కస్టమర్ ఒప్పుకుంటే సెపియా ఇచ్చేయడం మేలు. ఏ వెలుగులో చూసినా ఒకే ఛాయ ఉంటే, ఫోటోషాప్, డ్రైవర్ రెండూ కలర్ దిద్దుతున్నాయేమో చూసి డ్రైవర్‌లో ఆపేయండి.

పక్కనుంచి చూస్తే రాగి మెరుపు

బ్రాంజింగ్, పిగ్మెంట్‌కే ఎక్కువ. కానన్ ప్రో-300లో క్రోమా ఆప్టిమైజర్ (మెరుపు సమం చేసే రంగులేని ఇంకు) పేపరంతా పరిచేలా పెట్టండి. అది లేని ప్రింటరైతే ఫోటోకి అద్దం ఫ్రేమ్ కట్టించండి, అంతగా కనబడదు.

గడువు దాటిన ఇంకు వల్లో, హెడ్ అలైన్‌మెంట్ (ఇంకు చల్లే హెడ్ అమరిక) తప్పడం వల్లో చెడడం అరుదు. చివర్లో చూడండి.