యాప్ మన క్లాసుకి పనికొస్తుందా? మూడో పాఠం: తప్పు జవాబు కొట్టి చూడండి

పోయిన పాఠంలో యాప్‌ని సిలబస్‌తో పోల్చి చూడటం అయింది కదా, ఈసారి దాన్ని పిల్లల్లాగా వాడి చూద్దాం. డెమో ఇవ్వడానికి వచ్చినాయన ఎప్పుడూ కరెక్ట్ ఆన్సర్లే నొక్కుతాడు, స్టార్లు పడతాయి, చప్పట్లు మోగుతాయి, స్టాఫ్‌రూమంతా బాగుందండీ అనేస్తుంది. మీరు ట్యాబ్ చేతిలోకి తీసుకుని తప్పు కొట్టండి.

ఏదో ఒక తప్పు కాదండీ, మన పిల్లలు నిజంగా చేసే తప్పు. గుంటూరు బ్రాడీపేటలో అడిగినా బెజవాడ సత్యనారాయణపురంలో అడిగినా 1/2 + 1/3 ఎంతంటే 2/5 అని రాసేవాళ్లు ఉంటారు, పైవి పైవి, కిందవి కిందవి కూడేసి. అదే కొట్టండి. ఎర్ర గుర్తు పెట్టి మళ్లీ ట్రై చెయ్ అని ఊరుకుందా? అయితే పిల్లాడు నాలుగు ఆప్షన్లూ వరసగా నొక్కుకుంటూ పోతాడు, ఎప్పుడో ఒకటి కరెక్ట్ అవుతుంది, వాడికేమీ అర్థం కాకుండానే రిపోర్టులో లెసన్ పూర్తయినట్టు పడుతుంది. అలా కాకుండా 1/2 పట్టీ పక్కన 2/5 పట్టీ గీసి చూపించిందనుకోండి, సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా ఎలా తగ్గిందని వాడికే డౌట్ వస్తుంది. నేనైతే సగం మార్కులు దీనికే ఇస్తాను.

ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీదే చేసి చూసే సైన్సు, లెక్కల ప్రయోగాలు, నాకు అందుకే ఇష్టం. భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టినవి, ఫ్రీ, తెలుగులో వచ్చినవీ ఉన్నాయి. అందులో సర్క్యూట్ కిట్ తెరిచి బ్యాటరీ రెండు కొసలకీ ఉత్త వైరు కలపండి, మంటలు లేస్తాయి. తప్పు అని ఎవరూ చెప్పక్కర్లేదు, షార్ట్ సర్క్యూట్ అంటే ఏంటో కళ్లముందే ఉంటుంది, పిల్లలు మళ్లీ మళ్లీ అంటించి మరీ చూస్తారు, చూడనివ్వండి.

తర్వాత నెట్ ఆపేసి తెరవండి. ఫెట్ వాటిని ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు, ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో కూడా చాలా పాఠాలు అలా దాచుకోవచ్చు. నెట్ లేకపోతే తెల్ల స్క్రీన్ చూపించే యాప్‌తో పీరియడ్ ప్లాన్ చేసుకోకండి.

పిల్లల పేరు, ఫోన్ నంబర్ అడిగితే ఎందుకో కనుక్కోండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి, వాళ్లని టార్గెట్ చేసి యాడ్స్ వేయకూడదు.

నాలుగో పాఠంలోపు మీ క్లాసు నోట్సుల్లోంచి ఎక్కువమంది చేసిన మూడు తప్పులు ఏరి పెట్టుకోండి, పేర్లు వద్దు, లెక్క ఎలా చేశారో ఉన్నదున్నట్టు రాసుకుంటే చాలు, ఒకే తప్పుని రెండు యాప్‌లకి ఇచ్చి పోల్చడం అక్కడ చేద్దాం.